మీకు తెలుసా? వరి మడిలో బుడగల సంగతి

నాట్లు వేసి నెల దాటిన మడిలోకి దిగి ఒక్క అడుగు వేసి చూడండి. కాలి చుట్టూ బుడబుడమంటూ బుడగలు తేలతాయి. పల్లెలో పెరిగినవాళ్లంతా చిన్నప్పుడు తొక్కి ఆడుకున్న బుడగలే. వాటిలో ఉండేది ముఖ్యంగా మీథేన్. గోబర్ గ్యాస్ పొయ్యి మీద నీలంగా మండేదీ అదే.

మడిలో నీరు నిలిస్తే మట్టికి గాలి అందదు. గాలి లేని ఆ బురదలో పాత మోళ్లు, వేళ్లు, గడ్డి కుళ్లుతుంటే సూక్ష్మజీవులు మీథేన్ పుట్టిస్తాయి. బుడగలుగా మన కంటపడేది కొంచెమే. ఎక్కువ భాగం వరి మొక్క లోపలి నుంచే పైకి పోతుంది. నీళ్లలో మునిగిన వేళ్లకు గాలి పంపుకోవడానికి వరి కాడలో గొట్టాల్లాంటి ఖాళీలుంటాయి. పైనుంచి గాలి దిగే ఆ దారిలోనే కింది వాయువు బయటపడుతుంది. మనుషుల పనుల వల్ల వెలువడే మీథేన్‌లో సుమారు పదోవంతు వరి పొలాలదే. వందేళ్ల లెక్కన చూస్తే ఇది కార్బన్ డయాక్సైడ్ కన్నా 27 రెట్లు వేడి పెంచుతుంది. కానీ గాలిలో ఉండేది సుమారు 12 ఏళ్లే. అంటే ఇప్పుడు తగ్గిస్తే ఆ మేలు మన కాలంలోనే అందుతుంది.

ఎలా తగ్గించాలంటే, మడిని మధ్యమధ్యలో ఆరగట్టాలి. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ దీనికి చెప్పిన పరికరం అడుగు పొడవున్న ప్లాస్టిక్ పైపు ముక్క. కింది సగానికి చుట్టూ బెజ్జాలు పెట్టి, ఆ సగం మట్టిలో దిగేలా పాతి, లోపలి మట్టి తీసేస్తారు. నేల పైన నీరు ఇంకిపోయినా అడుగున ఎంత లోతులో ఉందో పైపులోకి తొంగిచూస్తే తెలుస్తుంది. అరడుగు కిందికి దిగాక మళ్లీ రెండంగుళాల నీరు పెడితే చాలు. పూతకు వారం ముందు నుంచి వారం తర్వాత వరకు మాత్రం ఆరనివ్వకూడదు. ఇలా చేస్తే మీథేన్ దాదాపు సగానికి తగ్గుతుంది, నీరు 30 శాతం దాకా మిగులుతుంది, దిగుబడి పడిపోదు.

మరి అందరూ ఎందుకు చేయరు? కాలువ శివారు రైతును అడగండి. ఈ వంతు నీరు వదిలేస్తే మళ్లీ ఎప్పుడొస్తుందోనని అతని భయం. నిలిచిన నీరు కలుపునూ అణచి ఉంచుతుంది. నా మటుకు ఆ భయం న్యాయమైనదే అనిపిస్తుంది. నీరు ఫలానా రోజు వస్తుందన్న భరోసా ఇవ్వకుండా రైతును ఆరగట్టమనడం సరికాదు.

ఆరగట్టిన మడిలో యూరియా విషయంలోనూ జాగ్రత్త కావాలి. తడీ పొడీ మారుతున్న నేలలో మిగిలిపోయిన నత్రజని నైట్రస్ ఆక్సైడ్‌గా గాలిలో కలుస్తుంది. దాని వేడి కార్బన్ డయాక్సైడ్ కన్నా 273 రెట్లు. అందుకే పైరుకు కావలసినంతే, దఫాలుగా వేయాలి.

ఇదంతా మనం నిలిపే నీటి మాట. వరద తెచ్చే నీటి సంగతి వేరు. పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరు పరిశోధన స్థానంలో పుట్టిన స్వర్ణ, అంటే ఎంటీయూ 7029, దేశమంతా పాకిన రకం. దానికి ఒడిశా నాటు వరి నుంచి సబ్1 అనే జన్యువును సంకరం ద్వారా చేర్చారు. అలా వచ్చిన స్వర్ణ-సబ్1 మన దేశంలో 2009లో విడుదలైంది. మామూలు వరి మునిగితే గాలి కోసం గబగబా పొడవు పెరిగి, ఉన్న బలమంతా ఖర్చుచేసుకుని చచ్చిపోతుంది. ఇది అలా కాదు. ఎదుగుదల ఆపేసి, బలం దాచుకుని, రెండు వారాల దాకా నీటి కింద ఓర్చుకుంటుంది. నీరు తీశాక దుబ్బు నుంచి మళ్లీ చిగురేస్తుంది. వరద రాని ఏడాది పాత స్వర్ణకూ దీనికీ దిగుబడిలో తేడా ఉండదు.