ఊరిదాకా వచ్చి ఇంటిదాకా రాని తీగ

ఎదురుచూడటం మన అనంతపురం సీమకు కొత్త విద్య కాదు. ఏటికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసే ఈ మెట్టభూమిలో వేరుశనగ విత్తిన రైతు మేఘంకోసం చూస్తాడు. బోరు ఎండిన వీధి నీళ్ల ట్యాంకరుకోసం చూస్తుంది. ఇటీవలి కాలంలో ఈ నిరీక్షణల జాబితాలో ఇంకొకటి చేరింది. కల్యాణదుర్గం, రాయదుర్గం, మడకశిర వంటి చిన్న పట్టణాలలో, ముఖ్యంగా వాటి శివారు కాలనీలలో, "మా వీధికి ఫైబరు ఎప్పుడు వస్తుంది?" అనే ప్రశ్న తరచుగా వినవస్తున్నది. దానికి లభించే సమాధానం మరీ విచిత్రమైనది: "ఫైబరు మీ ఊరికి ఎప్పుడో వచ్చింది కదా!"

అడిగినవాడు అబద్ధమాడటం లేదు. చెప్పినవాడూ అబద్ధమాడటం లేదు. ఈ రెండు మాటలూ ఒకేసారి ఎట్లా నిజం కాగలవో వివరించటమే ఈ వ్యాసం ఉద్దేశం. హంద్రీ-నీవా కాలువ గట్టుమీద నిలబడి చూసినవారికి ఇది తొందరగానే బోధపడుతుంది. పెద్ద కాలువలో నీరు నిండుగా పారుతున్నా, పిల్లకాలువ తవ్వనిదే చేను తడవదు.

ముందుగా ఈ తీగ స్వరూపం తెలుసుకుందాం. దీనిని మన పాఠ్యపుస్తకాలు దృశా తంతువు అంటాయి. తలవెంట్రుకంత సన్నని గాజుపోగు. వెలుపలి వ్యాసం మిల్లీమీటరులో ఎనిమిదవ వంతు. దాని నడుమ వెలుగు ప్రయాణించే గర్భం అందులోనూ పదునాల్గవ వంతు మాత్రమే. లోపలి గాజుకూ, పైపొర గాజుకూ వక్రీభవన గుణంలో స్వల్పమైన తేడా ఉంటుంది. ఆ తేడా వల్ల లోపల ప్రవేశించిన కాంతి అంచులను తాకినప్పుడు బయటికి పోలేక మళ్లీ లోపలికే మరలుతుంది. దీనినే సంపూర్ణాంతర పరావర్తనం అంటారు.

ఈ సందర్భంలో మన విద్యార్థులు ఒక విషయం తప్పక తెలుసుకోవాలి. కాంతి ఒక యానకంనుంచి మరొక యానకంలోకి పోయేటప్పుడు ఎంత వంగుతుందో చెప్పే నియమాన్ని పాఠ్యపుస్తకాలు 17వ శతాబ్దపు స్నెల్ పేరుతో బోధిస్తున్నాయి. కాని 984 ప్రాంతంలోనే బాగ్దాదులో ఇబ్న్ సహ్ల్ అనే గణితవేత్త, ఎండను ఒక బిందువువద్ద కూర్చే కటకాలను గురించి వ్రాసిన గ్రంథంలో ఆ నియమాన్నే రేఖాగణిత రూపంలో ప్రయోగించాడు. చెదిరిపోయిన ఆ ప్రతులను కూర్చి చదివి, ఈ సంగతిని రొష్దీ రాషెద్ అనే పండితుడు 1990లో వెల్లడించాడు. ఇబ్న్ సహ్ల్ తరువాతి తరానికి చెందిన ఇబ్న్ అల్-హైసమ్ కైరోలో వ్రాసిన 'కితాబ్ అల్-మనాజిర్' కాంతిశాస్త్రానికి పునాదిగ్రంథాలలో ఒకటి. నేటి ఫైబరుకు వీరే కర్తలని అనటం అతిశయోక్తి అవుతుంది. అయితే ఆ పరంపరలో వీరి పేర్లు తలచకపోవటం అన్యాయం.

ఇరవయ్యవ శతాబ్దంలో పంజాబులోని మోగాలో జన్మించిన నరీందర్ సింగ్ కపానీ, ఇంగ్లండులో హాప్కిన్స్‌తో కలిసి, గాజుపోగుల కట్టగుండా బొమ్మలను పంపవచ్చునని 1954లో నిరూపించాడు. కాని దూరం పోయేసరికి వెలుగు మాయమయ్యేది. లోపం గాజు స్వభావంలో లేదనీ, గాజులోని మలినాలలో ఉన్నదనీ 1966లో చార్లెస్ కావ్, జార్జ్ హాకమ్‌తో కలిసి ప్రతిపాదించాడు. ఒక కిలోమీటరు పోయిన తరువాత వందవ వంతు వెలుగు మిగిలినా చాలు, వార్తలు పంపవచ్చునన్నాడు. 1970లో అమెరికాలోని కార్నింగ్ సంస్థ శాస్త్రజ్ఞులు ఆ హద్దును దాటారు. కావ్‌కు నోబెల్ బహుమతి 2009లో లభించింది. నేటి తంతువులో కిలోమీటరుకు నూటికి తొంభైఐదు వంతుల వెలుగు మిగులుతుంది. అంటే అనంతపురంలో బయలుదేరిన కాంతి, అతుకుల నష్టాన్ని పక్కనపెడితే, పదిహేను కిలోమీటర్లకు సగమవుతుంది. అరవై కిలోమీటర్ల దూరానున్న కల్యాణదుర్గం చేరేసరికి పదహారవ వంతు మిగులుతుంది. అది పరికరాలకు పుష్కలంగా చాలును. కనుక పట్టణంనుంచి పట్టణానికి దూరం ఇప్పుడు సమస్యే కాదు.

రాగితీగకు ఈ భాగ్యం లేదు. 2005లో బి.ఎస్.ఎన్.ఎల్. పాత టెలిఫోను తీగలమీదనే బ్రాడ్‌బ్యాండ్ సేవ ఆరంభించినప్పుడు, ఎక్స్ఛేంజికి దగ్గరగా ఉన్న ఇంటికి ఒక వేగం, నాలుగైదు కిలోమీటర్ల ఆవల ఉన్న ఇంటికి ఒక వేగం వచ్చేవి. ఆ పాత తీగ కోసమైనా మన పెద్దలు ఏళ్ల తరబడి వేచి ఉన్నారు. ముందే డిపాజిట్టు కట్టి వరుసలో నిలిచిన రోజులు వారికి గుర్తే. 1984లో ఏర్పడిన సి-డాట్ సంస్థ, ఏర్కండిషను అక్కరలేకుండా, దుమ్ముకూ ఎండకూ తట్టుకొనే 128 లైన్ల చిన్న ఎక్స్ఛేంజిని రూపొందించి, 1986లో కర్ణాటకలోని కిత్తూరులో నెలకొల్పింది. పల్లెలకు ఫోను దారి తెరిచినది అటువంటి యంత్రాలే. ఖరీదైన యంత్రంకంటే మన వాతావరణానికి తగిన యంత్రమే మనకు మేలు చేస్తుందనటానికి అది మంచి ఉదాహరణ.

ఇక అసలు చిక్కు ఎక్కడున్నదో చూద్దాం. ఊరి ఎక్స్ఛేంజిదాకా వచ్చిన తంతువును ఇండ్లకు పంచే పద్ధతి ఒకటున్నది. ఎక్స్ఛేంజినుంచి ఒక్క గాజుపోగు వీధిలోకి వస్తుంది. అక్కడ స్తంభంమీద చిన్న డబ్బాలో, కరెంటు అవసరం లేని స్ప్లిటర్ అనే సాధనం ఆ ఒక్క వెలుగును ముప్పైరెండు పాయలుగా చీలుస్తుంది. ఒక్కొక్క పాయ ఒక్కొక్క ఇంటికి పోతుంది. విస్తారంగా వాడుకలో ఉన్న ఈ ఏర్పాటులో ఆ పోగు మొత్తంమీద సెకనుకు సుమారు 2,488 మెగాబిట్ల సమాచారం దిగుతుంది. ముప్పైరెండు ఇండ్లవారూ ఒకే క్షణాన వాడుకున్నా తలకు 77 మెగాబిట్లు వస్తాయి. అరవైనాలుగు ఇండ్లకు చీలిస్తే అందులో సగం. సాయంత్రం వేళ వేగం తగ్గిందంటే ఈ డబ్బా ఒక్కటే కారణం కానక్కరలేదు. ఎక్స్ఛేంజికి వెనుకనుంచి వచ్చే సామర్థ్యాన్ని సంస్థవారు తక్కువగా కొనుక్కొని ఉండవచ్చు. చందాదారుకు ఈ రెండో సంగతి ఎవరూ చెప్పరు.

ఆ డబ్బా వెనుక ఒక వ్యాపార గణితం ఉన్నది. బజారువీధిలో ఒక్క కేక పెడితే వినిపించేంత దూరంలోనే ముప్పైరెండు ఇండ్లుంటాయి. మన శివారు కాలనీలలో ఒక ఇంటికీ మరొక ఇంటికీ నడుమ నాలుగు ఖాళీ స్థలాలు, ఒక కంపచెట్ల గుంపు, ఒక వంక. అదే డబ్బాకు ముప్పైరెండు ఇండ్లు దొరకాలంటే తీగ ఎన్నో రెట్లు పొడవు కావాలి; చందా మాత్రం బజారువీధిలో ఎంతో ఇక్కడా అంతే. కనుక సంస్థవారు "దరఖాస్తులు తగినన్ని రాలేదు" అంటారు. తీగ లేని వీధిలో దరఖాస్తు పెట్టుకోవటం ఎందుకని జనం ఊరుకుంటారు. ఎవరు ముందు కదలాలన్నది తేలక ఏళ్లు గడుస్తాయి. పది పదిహేను ఇండ్లవారు కలిసి ఒకే కాగితంమీద సంతకాలు చేసి ఇస్తే, ఆ గణితం కొంత మారుతుంది.

నేల కూడా మనకు అనుకూలం కాదు. తంతువును పాతిపెట్టటానికి సుమారు 1.65 మీటర్ల లోతు కందకం తవ్వాలన్నది ప్రభుత్వ ప్రమాణం. మన ఎర్రనేల పైపొర చాలాచోట్ల మూరెడు. దాని కింద నల్లరాయి. పార దిగని చోట కంప్రెషరు పెట్టి కొట్టవలసిందే. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2015లో ఫైబర్‌నెట్ సంస్థను స్థాపించి, కందకాలను మాని, విద్యుత్ స్తంభాలమీదుగానే తీగను లాగించటం ఈ దృష్టితో చూస్తే తెలివైన నిర్ణయం. గాజులో విద్యుత్తు ప్రవహించదు. లోహం లేని ఈ తీగను కరెంటు తీగల సరసనే వేలాడదీయవచ్చును. సబ్‌స్టేషన్లనే కూడళ్లుగా చేసుకొని రాష్ట్రమంతటా సుమారు 24,000 కిలోమీటర్ల తీగ లాగారు. 2016 డిసెంబరులో గోదావరి సీమలోని మోరి గ్రామంలో ఇంటింటికీ కనెక్షన్లు ఇచ్చి చూపారు. 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఈ పథకాన్ని జాతికి అంకితం చేశారు. టి.వి., ఫోను, ఇంటర్నెట్ కలిపి నెలకు 149 రూపాయలన్న నాటి ధర అందరినీ ఆకర్షించింది.

అయితే మోరి ఇండ్లు దగ్గరదగ్గరగా ఉన్న కోనసీమ పల్లె. మన మెట్ట అట్లా కాదు. పైగా సబ్‌స్టేషనునుంచి ఇంటిదాకా తీగ లాగే బాధ్యత స్థానిక కేబుల్ ఆపరేటరుది. ఆ చిన్న వ్యాపారి అప్పు తెచ్చి తీగ కొనాలి, పెట్టెలు అమర్చాలి. ఆషాఢమాసపు గాలికి తీగ తెగినా, రోడ్డు వెడల్పు చేసేవారు స్తంభం పీకినా, నిచ్చెన ఎక్కవలసినది అతడే. ఇంతటి పథకం చివరకు ఒక మనిషి నిచ్చెనమీద ఆధారపడి ఉన్నదన్న సంగతి ప్రారంభోత్సవ ఉపన్యాసాలలో వినిపించదు.

కేంద్ర ప్రభుత్వపు ప్రయత్నం మరొకటి. రెండున్నర లక్షల గ్రామపంచాయతీలకు దృశా తంతువు వేయాలని మంత్రివర్గం 2011 అక్టోబరులో నిర్ణయించింది. రెండేళ్ల పని అనుకున్నారు. మొదటి లక్ష పంచాయతీలు పూర్తయ్యేసరికి 2017 చివర అయింది. భారత్‌నెట్ అనే పేరుతో సాగుతున్న ఈ పథకాన్ని సవరించి, 2023లో 1,39,579 కోట్ల రూపాయలు మంజూరు చేశారు. ఇందులో ఒక కిటుకున్నది. ఈ పథకం పంచాయతీలకోసం. ప్రైవేటు సంస్థల చూపు నగరాలమీద. పంచాయతీ హోదా పోయి పురపాలక సంఘంగా మారి, నగరం మాత్రం కాలేకపోయిన చిన్న ఊరు ఈ రెంటి నడుమ పడిపోతుంది. హోదా పెరిగినందుకు ఊరు సంతోషించాలో, విచారించాలో తెలియదు!

"చేతిలో సెల్‌ఫోను ఉండగా ఇంటికి తీగ ఎందుకు?" అని కొందరు అడుగుతారు. టవరునుంచి వచ్చే రేడియో తరంగాలను ఆ ప్రాంతమంతా పంచుకోవాలి. జనం పెరిగినకొద్దీ ఒక్కొక్కరి వాటా తరుగుతుంది. పైగా ఆ టవరుకు కూడా వెనుకనుంచి ఫైబరు ఉంటేనే బలం. అయితే ఇంతకంటే ముఖ్యమైన కారణం వేరే ఉన్నది. మన ఇండ్లలో సెల్‌ఫోను సాధారణంగా తండ్రిదో, అన్నదో అయి ఉంటుంది. అతడు దుకాణానికి పోతే ఫోనూ పోతుంది. ఇంట్లో ఉన్న ఆడపిల్లకు పాఠం ఆగిపోతుంది. 2020లో కళాశాలలు మూతపడి పాఠాలు ఫోనులోకి ఎక్కినప్పుడు ఈ సంగతి ఉపాధ్యాయులందరికీ అనుభవంలోకి వచ్చింది. హాజరుపట్టీలో మొదట కనపడకుండా పోయిన పేర్లు ఎవరివో మాకు తెలుసు. ఇంటికి వచ్చిన తీగ మనిషి వెంట బయటికి పోదు. అది ఇంటివారందరి సొత్తు. ప్రవేశ దరఖాస్తు, స్కాలర్‌షిప్పు, హాల్ టిక్కెట్టు సమస్తం తెరమీదికే మారిన ఈ రోజుల్లో ఆ భేదం చిన్నది కాదు.

వేగాల లెక్క కూడా కొంచెం తెలుసుకోవాలి. సంస్థలు చెప్పేది మెగాబిట్లలో. మన పుస్తకాలు, బొమ్మలు కొలిచేది మెగాబైట్లలో. ఎనిమిది బిట్లు ఒక బైటు. 40 మెగాబిట్ల కనెక్షను అంటే సెకనుకు 5 మెగాబైట్లు మాత్రమే. ఉర్దూ చదివేవారికి ఇది మరింత అవసరం. పాత ఉర్దూ గ్రంథాలు ఇంటర్నెట్‌లో చాలావరకు పుటల ఛాయాచిత్రాలుగానే లభిస్తున్నాయి. నస్తాలీఖ్ లిపిలోని ఆ పుటలు టైపు చేసిన అక్షరాలకంటే ఎన్నో రెట్లు బరువైనవి. 60 మెగాబైట్ల గ్రంథం ఒకటి తెప్పించుకోవాలనుకుందాం. 2004లో ప్రభుత్వం బ్రాడ్‌బ్యాండ్‌కు కనీస వేగంగా నిర్ణయించిన 256 కిలోబిట్లతో అరగంటకు పైగా పడుతుంది. 2013లో దానిని 512కు పెంచారు. పదిహేను నిమిషాలకు పైమాటే. 2023లో 2 మెగాబిట్లు చేశారు, నాలుగు నిమిషాలు. 40 మెగాబిట్ల ఫైబరు మీద పన్నెండు సెకన్లు. బ్రాడ్‌బ్యాండ్ అన్న పేరు ఈ నాలుగింటికీ ఒక్కటే కనుక, ఆ పేరు చూసి మోసపోరాదు.

తీగ వీధికి వచ్చిననాడు ఆపరేటరును అడగవలసిన ప్రశ్నలు రెండున్నాయి. డబ్బాలో ఎన్ని పాయలు చీల్చారు? ఇంటివద్ద వెలుగు బలం మీటరుమీద ఎంత చూపుతున్నది? అది డెసిబెల్ కొలతలో రుణసంఖ్యగా కనిపిస్తుంది. రుణం 20 చుట్టుపక్కల ఉంటే నిశ్చింత; 27 దాటితే అతుకులలోనో, మలుపులలోనో లోపం ఉన్నట్లే, వానాకాలంలో కనెక్షను తరచు పోతుంది. ఇంకొకటి. పాత రాగి ఫోనుకు విద్యుత్తు ఎక్స్ఛేంజి బ్యాటరీనుంచే వచ్చేది. ఊరంతా చీకటైనా ఫోను మోగేది. గాజుతీగ విద్యుత్తును మోయలేదు. కరెంటు పోతే ఇంట్లోని పెట్టె ఆగిపోతుంది, బయట తీగలో వెలుగు వస్తూనే ఉన్నా. ఈ పెట్టెలలో చాలావరకు 12 వోల్టులతో పనిచేసేవే కనుక, ఆ వోల్టేజిని నిలకడగా ఇచ్చే చిన్న బ్యాటరీ ఒకటి పక్కన అమర్చుకుంటే వేసవి కోతలలో కూడా పని సాగుతుంది.