గోడ మీద ఘోడో: గుర్రాల పేర్లు ఎట్ల పలకాలి



పోయిన వారం సేవాలాల్ మహరాజ్ గురించి చదువుతుంటే ఒక చెల్లె ఆయన గుర్రం పేరు తోలారాం అని చదివింది. కాగితంలో అట్లనే ఉంది, చెల్లె తప్పు కాదు. కానీ మా తండాలో అట్ల అంటే ముసలోళ్ళు ఊరుకోరు. ఆ పేరు తోళారాం. 'ల' కాదు, 'ళ'. నాలుకను వెనక్కి మడిచి అంగిలికి తాకించి వదలాలి. తెలుగులో కల వేరు, కళ వేరు గదా, గట్లనే. తోలు అంటే చర్మం. తోళారాంకు తోలుతో పని లేదు.

సేవాలాల్ మహరాజ్ 1739 ఫిబ్రవరి 15న అనంతపురం జిల్లా గుత్తి దగ్గర పుట్టిండని మావాళ్ళు చెప్తారు. సమాధి మహారాష్ట్రలో వాశిం జిల్లా పోహరాదేవిలో ఉంది. ఆ కాలంలో లంబాడీలు ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం వేసుకొని దేశమంతా తిరిగేవారు. బరువు మోసేవి ఎడ్లు. మహరాజ్ ఎక్కేది తోళారాంను.

మా మాటలో మగ గుర్రం ఘోడో, ఆడ గుర్రం ఘోడి. తెల్లదైతే ధోళో ఘోడో, ధోళి ఘోడి. నల్లదైతే కాళో ఘోడో, కాళి ఘోడి. మగదా ఆడదా అన్నదాన్ని బట్టి రంగు మాట చివర కూడా మారుతుంది. 'ఘ' పలికేటప్పుడు నోటి ముందు అరచేయి పెట్టుకోండి. గాలి తగలాలి. తగలకపోతే అది గోడ అయితది, మీరు ఇప్పుడు చూస్తున్న గోడ!

నేను మూడో తరగతిలో ఉన్నప్పుడు బొమ్మ చూపించి ఇదేమిటి అంటే ఘోడో అన్నాను. క్లాసంతా నవ్వింది. "గోడకు నాలుగు కాళ్ళా" అని ఎవరో అన్నారు. అప్పటి నుండి క్లాసులో మా మాట మాట్లాడలేదు. మొన్న దసరా సెలవులకు ఇంటికి పోతే యాడి ఏదో చెప్తుంది. నేను రెండుసార్లు "అంటే ఏంది" అని తెలుగులో అడిగిన. యాడి చెప్పుడు ఆపి నా మొహం చూసింది. ఆమెకు చదువు రాదు. నాకు ఆమె మాటలు పోతున్నాయి. అందుకే ఇది రాస్తున్నాను.

మన డోంగ్లి వైపు ఒక్క జంతువుకే నాలుగు పేర్లు వినొచ్చు. తెలుగులో గుర్రం, మరాఠీలో ఘోడా, కన్నడలో కుదురె, మాది ఘోడో. గోండు వాళ్ళు కోడా అంటారు. మన కోడె వేరే, అది వయసు ఎద్దు. మహారాష్ట్రలో భీమథడి అనే గుర్రం జాతి ఉంది. థడి అంటే ఒడ్డు, భీమా నది ఒడ్డు గుర్రం అన్నమాట. ధనగర్ గొర్రెల కాపరులు దాని మీద సామాను వేసుకొని తిరుగుతారు. 'థ' బదులు 'త' అంటే భీముడు వానకు తడిసినట్టు ఉంటది. తెలుగు కథల్లో పంచకళ్యాణి వస్తుంది గదా, అది ఒక గుర్రం పేరు కాదు. నాలుగు కాళ్ళు, ముఖం, ఈ ఐదూ తెల్లగా ఉంటే ఏ గుర్రమైనా పంచకళ్యాణే.

ఇంగ్లండు పక్కన వేల్స్ అని చిన్న దేశం ఉంది. వాళ్ళ పొట్టి గుర్రాలు పేరుమోసినవి. వాళ్ళ మాటలో గుర్రం కెఫిల్. అక్కడ లాయిడ్ అనే ఆయన తన ఇంటిపేరులో ఇంగ్లీషు అక్షరాలను తిరగేసి తన గుర్రాల పేర్లకు ముందు పెట్టిండు. వాటిలో 1894లో పుట్టిన స్టార్‌లైట్ చాలా పేరు పొందింది. లాయిడ్ అనే పేరు వాళ్ళ భాషలో బూడిద రంగు అనే మాట నుండి వచ్చింది. ఆ గుర్రం కూడా బూడిద రంగే! వాళ్ళ రాతలో మొదట రెండు ఎల్‌లు ఉంటాయి. నాలుకను 'ల' దగ్గర పెట్టి, గొంతు మోగకుండా, పక్కల నుండి గాలి ఊదాలి. రాత్రి మా రూములో అందరం ఊదినం. దుప్పట్ల మీద ఉమ్మి పడింది, అంతే.

మా మాటకు పాతకాలం నుండి సొంత లిపి లేదు. ఇక్కడ తెలుగు అక్షరాలతో, కర్ణాటకలో కన్నడతో, మహారాష్ట్రలో మరాఠీ అక్షరాలతో రాస్తారు. తెలుగులో ఘ, ధ, ళ అన్నీ ఉన్నాయి. బద్ధకం లేకపోతే సరిగ్గానే రాయొచ్చు.

ఈ కాగితం కింద జాగా వదిలిపెట్టిన. మీ ఇంట్లో గుర్రాన్ని ఏమంటారో పెన్సిల్‌తో రాయండి. సేవాలాల్ మహరాజ్ ఎద్దు పేరు గరాస్యా, దాని సంగతి వచ్చే నెల.