ప్రొబేషన్, పెరోల్, సమాజ సేవ: చట్టాల అమలులో మండల స్థాయి నివేదికలే కీలకం

(ప్రత్యేక వ్యాసం)

ఎల్లారెడ్డిపేట, రాజన్న సిరిసిల్ల జిల్లా: 2024 జులై 1వ తేదీ నుండి దేశమంతటా భారతీయ న్యాయ సంహిత, భారతీయ నాగరిక సురక్షా సంహిత అమలులోకి వచ్చిన విషయం విదితమే. చిన్న నేరాలకు జైలుకు బదులు సమాజ సేవ, మొదటిసారి కేసులో చిక్కుకున్న విచారణ ఖైదీకి త్వరిత విడుదల వంటి నిబంధనలు వీటిలో ఉన్నాయి. 1958 నాటి నేరస్థుల ప్రొబేషన్ చట్టం యథాతథంగా కొనసాగుతున్నది. వీటన్నింటిలోనూ ఉత్తర్వు ఇచ్చేది న్యాయస్థానమో, ప్రభుత్వమో. కాని ఉత్తర్వుకు ముందు కావలసిన విచారణ నివేదిక, తరువాత దాఖలు చేయవలసిన పూచీకత్తు పత్రాలు, ఆ పిదప జరగవలసిన పర్యవేక్షణ మండల కేంద్రంలోని కార్యాలయాల మీదుగానే నడుస్తాయి. సిరిసిల్ల–కామారెడ్డి రహదారిపై ఉన్న ఎల్లారెడ్డిపేట వంటి మండలంలో ఒక నివేదిక వారం రోజులు ఆలస్యమైతే, ఎక్కడో ఒక ఖైదీ ఆ వారం రోజులు అదనంగా జైలులో గడుపుతాడు. ఏ కార్యాలయం ఏమి చేయవలసి ఉన్నదో అధికారులకు, పాత్రికేయ మిత్రులకు వివరించడం ఈ వ్యాసం ఉద్దేశ్యం.

ముందుగా పదాల సంగతి. జామీను, ప్రొబేషన్, పెరోల్, ఫర్లో, శిక్ష తగ్గింపు అనే అయిదింటినీ "విడుదల" అనే ఒక్క శీర్షిక కింద ప్రచురించడం పత్రికలలో తరచుగా కనిపిస్తున్నది. జామీను విచారణ కాలానికి సంబంధించినది, అక్కడ నేరం ఇంకా రుజువు కాలేదు. ప్రొబేషన్‌లో నేరం రుజువైనది, కాని శిక్ష విధించకుండా సత్ప్రవర్తన బాండుపై విడిచిపెట్టడం జరుగుతుంది. పెరోల్ అనగా శిక్ష అనుభవిస్తున్న వ్యక్తికి ఫలానా కారణం నిమిత్తం ఇచ్చే తాత్కాలిక అనుమతి. ఫర్లోకు ప్రత్యేక కారణం అవసరం లేదు, దీర్ఘకాలం జైలులో ఉన్నవారికి కుటుంబ సంబంధాలు తెగిపోకుండా ఇచ్చే సెలవు అది. శిక్ష తగ్గింపు ప్రభుత్వ అధికారం. ఈ తేడా చిన్నది కాదు. పెరోల్‌పై తల్లి అంత్యక్రియలకు వచ్చిన మనిషిని "శిక్ష రద్దయి వచ్చాడు" అని వ్రాస్తే, బాధిత కుటుంబంలో కలిగే ఆందోళనకు ఆ వార్తే కారణమవుతుంది.

ప్రొబేషన్ మన ప్రాంతాలకు కొత్తది కాదు. ఉమ్మడి మద్రాసు రాష్ట్రంలో 1936లోనే ప్రొబేషన్ చట్టం వచ్చినందున కోస్తా, రాయలసీమ జిల్లాలకు దానితో పరిచయం ముందే ఉన్నది. 1958 కేంద్ర చట్టాన్ని సుప్రీంకోర్టు ఉదారంగా అన్వయించిన తొలి తీర్పులలో ఒకటైన రతన్ లాల్ కేసులో మెజారిటీ తీర్పు వ్రాసినవారు తెలుగువారైన జస్టిస్ కోకా సుబ్బారావు. పదహారేళ్ల బాలునికి శిక్ష పడిన ఆ కేసులో, అప్పీలు దశలో కూడ ప్రొబేషన్ ప్రయోజనం కల్పించవచ్చునని తీర్పు వెలువడింది. ఇరవై ఒక్క సంవత్సరాలు నిండని వారిని జైలుకు పంపరాదన్నది ఆ చట్టం ఆరవ సెక్షన్ సారాంశం. జీవిత ఖైదుకు అవకాశమున్న నేరాలకు ఇది వర్తించదు. మిగిలిన సందర్భాలలో జైలుకు పంపదలచితే న్యాయస్థానం కారణాలు నమోదు చేయాలి. నాల్గవ సెక్షన్ కింద వయసుతో నిమిత్తం లేకుండా, మరణశిక్ష గాని జీవిత ఖైదు గాని లేని నేరాలలో, మూడేళ్లకు మించని బాండుపై విడిచిపెట్టవచ్చును. ప్రొబేషన్ అధికారి పర్యవేక్షణను ఆదేశిస్తే అది ఏడాదికి తక్కువ కారాదు. బాధితునికి పరిహారం చెల్లించమని ఆదేశించే అధికారం కూడ అయిదవ సెక్షన్‌లో ఉన్నది. ఈ అంశం వార్తలలో దాదాపుగా కనిపించదు.

ఇక్కడ ప్రొబేషన్ అధికారి నివేదిక ప్రధానం. నిందితుని కుటుంబం, ఉపాధి, అలవాట్లు, ఊరిలో అతని పట్ల ఉన్న అభిప్రాయం, బాధితుల మనోభావం అందులో ఉండాలి. జిల్లాకు ఒకరుగా ఉండే అధికారి ప్రతి గ్రామానికీ వెళ్లి, సరియైన మనుషులను కలుసుకోవడం పంచాయతీ కార్యదర్శి, గ్రామ పెద్దల సహకారం లేనిదే సాధ్యపడదు. "ప్రవర్తన తృప్తికరం, అభ్యంతరం లేదు" అనే ఒక్క వాక్యపు నివేదిక న్యాయమూర్తికి ఏ విధంగానూ ఉపకరించదు. అనుకూలమైనా ప్రతికూలమైనా, దానికి ఆధారమైన విషయాలు వ్రాసినప్పుడే అది నివేదిక అనిపించుకుంటుంది.

సమాజ సేవను శిక్షగా గుర్తించింది న్యాయ సంహిత నాల్గవ సెక్షన్. ఆరు రకాల నేరాలకు దీనిని విధించవచ్చును. అందులో సామాన్యంగా మనకు తారసపడేవి రెండు. మత్తులో బహిరంగ ప్రదేశంలో అసభ్యంగా ప్రవర్తించడం ఒకటి. అయిదు వేల రూపాయల లోపు విలువ గల వస్తువు దొంగతనం రెండవది. ఉదాహరణకు సాంచాల షెడ్డు నుండి మూడు వేల రూపాయల విలువ చేసే నూలు ఎత్తుకుపోయిన యువకుని విషయం తీసుకుందాం. అతనికి ఇది మొదటి నేరమై ఉండి, నూలు గాని దాని విలువ గాని తిరిగి ఇచ్చినట్లయితే, చట్టం ప్రకారం విధించవలసిన శిక్ష సమాజ సేవయే. అతడు జైలుకు వెళితే ఆ కాలమంతా కూలి పోతుంది, ఇంట్లో బీడీలు చుట్టే తల్లి సంపాదనపైనే కుటుంబం నడవాలి. చట్టసభ ఈ లెక్క వేసే ఈ నిబంధన చేసి ఉండవచ్చును.

అయితే సమాజ సేవ అనగా సమాజానికి ఉపయోగపడే, వేతనం లేని పని అని మాత్రమే నాగరిక సురక్షా సంహిత 23వ సెక్షన్ వివరణ చెబుతున్నది. ఎన్ని గంటలు, ఎక్కడ, ఎవరి పర్యవేక్షణలో అనేది ఆ సెక్షన్ చెప్పదు. ఆ వివరాలు ఉత్తర్వులో ఉండాలి. ఉత్తర్వు అందుకున్న గ్రామ పంచాయతీ, ప్రభుత్వ ఆసుపత్రి లేదా పాఠశాల హాజరు పట్టీ నిర్వహించి, పూర్తయినట్లు కోర్టుకు తెలియజేయాలి. పని చేయించే పద్ధతిలో అవమానం ఉండరాదన్నది ఈ రచయిత అభిప్రాయం. మెడలో పలక వేసి ఛాయాచిత్రం తీయించడం శిక్షలో భాగం కాదు, దానిని పత్రికలకు పంపడం అంతకన్నా కాదు.

అసలు బరువైన సమస్య విచారణ ఖైదీలది. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2022 చివర దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉండగా, వారిలో 4,34,302 మంది విచారణ ఖైదీలే. అనగా నలుగురిలో ముగ్గురికి ఇంకా నేరం రుజువు కాలేదు. నాగరిక సురక్షా సంహిత 479వ సెక్షన్ ప్రకారం, గతంలో ఏ నేరంలోనూ శిక్ష పడని వ్యక్తి, తనపై ఉన్న అభియోగానికి గల గరిష్ఠ శిక్షలో మూడవ వంతు కాలం జైలులో గడిపితే అతనిని బాండుపై విడుదల చేయాలి. ఇతరులకు సగం కాలం. మరణశిక్ష, జీవిత ఖైదు గల నేరాలకు ఇది వర్తించదు. ఒకటి కన్నా ఎక్కువ కేసులు పెండింగులో ఉన్నవారికి కూడ వర్తించదు. గడువు పూర్తికాగానే కోర్టుకు దరఖాస్తు చేయవలసిన బాధ్యతను చట్టం జైలు సూపరింటెండెంటుపైనే ఉంచింది. 2024 జులైకి ముందు నమోదైన కేసులకు కూడ ఈ నిబంధన వర్తిస్తుందని 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఖైదీకి "మొదటిసారి" అని నిర్ధారించే వివరం పోలీసు స్టేషన్ నుండి రావాలి. అది రాని పక్షంలో మూడవ వంతు గడువు సగం దాటినా ఫైలు కదలదు.

జామీను మంజూరైన తరువాత కూడ జైలులోనే ఉండిపోయేవారు ఉన్నారు. కారణం పూచీకత్తు. ఊరి మాటలో జమానతు. జమానత్‌దారు తన పట్టాదారు పాసు పుస్తకమో, ఇంటి పన్ను రసీదో, ఆస్తి విలువ ధ్రువీకరణ పత్రమో చూపించాలి. భూమి లేని కార్మికుని కొరకు ఎవరు వస్తారు? 1978లో మోతీరామ్ కేసులో ఒక తాపీ పనివానికి పదివేల రూపాయల పూచీ కోరారు. ఆస్తి వేరొక జిల్లాలో ఉన్నదని అతని సోదరుని పూచీని నిరాకరించారు. జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ఆ ఉత్తర్వును తప్పుపట్టారు. దక్షిణాదికి చెందిన ఒక మలయాళీయో తెలుగువాడో దూరాన బస్తర్‌లోనో పోర్ట్ బ్లెయిర్‌లోనో అరెస్టయితే అక్కడ ఆస్తిపరుడైన పూచీదారును ఎక్కడి నుండి తెస్తాడని ప్రశ్నించారు. మర మగ్గాల పని కొరకు తరతరాలుగా భివండీ, షోలాపూర్, సూరత్ వెళ్లిన కుటుంబాలు గల ఈ ప్రాంతానికి ఆ ప్రశ్న తెలియనిది కాదు. నేడు అదే ప్రశ్న ఇతర రాష్ట్రాల నుండి ఇక్కడికి పనికి వచ్చినవారి విషయంలో మన కోర్టుల ముందు నిలుస్తున్నది.

2023 జనవరి 31న సుప్రీంకోర్టు ఈ విషయంలో నిర్దిష్ట ఆదేశాలు ఇచ్చింది. జామీను ఉత్తర్వు ప్రతిని అదే రోజు లేదా మరుసటి రోజు ఈ-మెయిల్ ద్వారా జైలుకు పంపాలి. ఏడు రోజులలో విడుదల కాకపోతే సూపరింటెండెంటు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు తెలియజేయాలి. నెల రోజులలో పూచీ సమర్పించలేకపోతే షరతులను సడలించే విషయం కోర్టు తనంతట తాను పరిశీలించవచ్చును. అదే సంవత్సరం కేంద్ర హోంశాఖ పేద ఖైదీల సహాయ పథకాన్ని ప్రకటించింది. అప్పటి మార్గదర్శకాల ప్రకారం విచారణ ఖైదీకి నలభై వేల రూపాయల వరకు, జరిమానా కట్టలేని శిక్షా ఖైదీకి ఇరవై అయిదు వేల రూపాయల వరకు సహాయం మంజూరు చేయవచ్చును. నిర్ణయం తీసుకునే జిల్లా సాధికారిక కమిటీలో కలెక్టరు, ఎస్పీ, జైలు సూపరింటెండెంటు, న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శి, జైలు బాధ్యతలు చూసే న్యాయమూర్తి సభ్యులు. కుటుంబ ఆర్థిక స్థితిని నిర్ధారించే పత్రం తహశీల్దారు కార్యాలయం నుండే వస్తుంది. ఆ పత్రం సాధారణ ఆదాయ ధ్రువీకరణ దరఖాస్తుల వరుసలో కలిసిపోకుండా చూడాలని రెవెన్యూ అధికారులకు మనవి.

పెరోల్ విషయానికి వస్తే, సుధారణ దృష్టికి మన రాష్ట్రం నుండే ఒక ప్రసిద్ధ ఉదాహరణ ఉన్నది. 1977లో మహమ్మద్ గియాసుద్దీన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కేసులో, ఉద్యోగాలు ఇప్పిస్తానని యువకులను మోసగించిన ఒక విద్యావంతుని మూడేళ్ల శిక్షను సుప్రీంకోర్టు పద్దెనిమిది నెలలకు తగ్గించింది. అతనికి తగిన పని ఇవ్వాలని, మధ్యమధ్య పెరోల్‌పై ఇంటికి పంపాలని ఆదేశించింది. ఆ తీర్పును నేటికీ న్యాయవాదులు ఉదహరిస్తారు.

ఆచరణలో పెరోల్ దరఖాస్తు జైలు నుండి బయలుదేరి, ఖైదీ స్వగ్రామం గల పోలీసు స్టేషన్‌కు విచారణకు వస్తుంది. పాత కరీంనగర్ జిల్లా వారికి దూరం కూడ ఒక అడ్డంకి. వరంగల్ కేంద్ర కారాగారాన్ని 2021లో ఖాళీ చేయించి ఆ స్థలాన్ని ఆసుపత్రికి కేటాయించిన తరువాత అక్కడి ఖైదీలను చర్లపల్లి తదితర జైళ్లకు తరలించారు. ములాఖత్‌కు ఇంతకు మునుపు వరంగల్ వెళ్లిన తల్లిదండ్రులు ఇప్పుడు హైదరాబాద్ వెళ్లాలి. వయసు మళ్లినవారు వెళ్లలేరు. అటువంటి ఇళ్లకు పెరోల్ ఒక్కటే కలయిక. కావున విచారణకు వెళ్లిన అధికారి ఖైదీ ఇంటితో పాటు బాధితుని ఇంటికి కూడ వెళ్లాలి. ఒకే ఊరిలో, ఒక్కొక్కసారి ఒకే వాడలో ఆ రెండు ఇళ్లు ఉంటాయి. బాధితుల అభ్యంతరం వాస్తవమైనదైతే, వేరొక గ్రామంలోని బంధువుల ఇంట నివాసం వంటి షరతును సూచించే అవకాశం అధికారికి ఉన్నది. "శాంతిభద్రతల సమస్య తలెత్తవచ్చు" అనే ముద్రిత వాక్యంతో అన్ని దరఖాస్తులనూ తిరస్కరించడం సులభమే, కాని అది విచారణ కాదు.

శిక్ష తగ్గింపుపై జీవిత ఖైదీల విడుదల ప్రభుత్వ పరిశీలనాంశం. మరణశిక్షకు అవకాశమున్న నేరంలో జీవిత ఖైదు పడినవారు కనీసం పద్నాలుగు సంవత్సరాలు జైలులో ఉండాలన్న నియమం కొత్త చట్టంలో 475వ సెక్షన్‌గా కొనసాగుతున్నది. 2024 జులైలో రాష్ట్ర ప్రభుత్వం సత్ప్రవర్తన గల 213 మందిని విడుదల చేసింది. వారిలో 205 మంది జీవిత ఖైదీలు. రాజకీయ పరిగణనలతో శిక్ష తగ్గించడం చెల్లదని 2006లో ఏపూరు సుధాకర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట కూడ ఈ సందర్భంలో గుర్తుంచుకోదగినది. ఆ కేసు కూడ మన ఉమ్మడి రాష్ట్రానిదే.

గల్ఫ్ దేశాల జైళ్ల నుండి వచ్చేవారిది మరొక రకమైన పరిస్థితి. ఈ జిల్లాకు చెందిన ఐదుగురు, ఒక హత్య కేసులో దుబాయి జైలులో సుమారు పద్దెనిమిది సంవత్సరాలు గడిపి, 2024 ఫిబ్రవరిలో స్వగ్రామాలకు చేరుకున్నారు. వెళ్లేనాటికి చంటిబిడ్డలైనవారు వచ్చేనాటికి పెద్దవారయ్యారు. మన జైలు నుండి వచ్చినవారికి కనీసం ఒక సూపరింటెండెంటు, ఒక ప్రొబేషన్ అధికారి, ఒక ఫైలు ఉంటాయి. విమానాశ్రయంలో దిగినవారికి అది కూడ ఉండదు. రేషన్ కార్డు, ఆధార్, బ్యాంకు ఖాతా మొదలుకొని అన్నీ కొత్తగా మొదలు పెట్టాలి. ఆ పని ఏ చట్టమూ ఎవరికీ ప్రత్యేకంగా అప్పగించలేదు కనుక, మండల కార్యాలయాలే చొరవ చూపవలసి ఉన్నది.

నిర్బంధంలో ఉన్న ప్రతి వ్యక్తికీ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉన్నది. సిరిసిల్లలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థను గాని, జాతీయ సహాయ సంఖ్య 15100ను గాని కుటుంబ సభ్యులు సంప్రదించవచ్చును. పాత్రికేయ మిత్రులకు ఒక విజ్ఞప్తి. ప్రొబేషన్ అధికారి నివేదిక ఏడవ సెక్షన్ ప్రకారం రహస్య పత్రం, దానిలోని విషయాలు ప్రచురణకు ఉద్దేశించినవి కావు. ప్రొబేషన్‌పై విడుదలైన వ్యక్తికి ఆ నేర నిర్ధారణ వలన ఎటువంటి అనర్హత కలుగదని పన్నెండవ సెక్షన్ చెబుతున్నది. పదేళ్ల తరువాత అదే వ్యక్తి ఉద్యోగానికి దరఖాస్తు చేసినప్పుడు, పాత వార్తా కథనంలో "శిక్షపడిన దొంగ" అనే మాట ఉన్నదా, "ప్రొబేషన్‌పై విడుదల" అనే మాట ఉన్నదా అన్నది అతనికి ముఖ్యమవుతుంది.