వార్తల్లో పదం: డిస్పర్సిబుల్ మాత్ర

కొద్దిపాటి నీళ్లలో వేస్తే 3 నిమిషాల్లోపు విడిపోయి, తాగించడానికి వీలయ్యే మాత్ర ఇది. 5 కిలోల లోపు శిశువుల మలేరియా మందును ఈ రూపంలో 2025 జులైలో స్విట్జర్లాండ్ ఆమోదించడంతో ఈ పేరు వార్తల్లోకి వచ్చింది.

మాత్రలో కలిపిన కొన్ని పదార్థాలు నీటిని పీల్చి ఉబ్బుతాయి, దాంతో మాత్ర పొడిపొడిగా విడిపోతుంది. మందు పూర్తిగా కరగదు, నీళ్లలో తేలాడుతుంది. అందుకే గిన్నె అడుగున మిగిలినదాన్ని మరికాస్త నీటితో కలిపి పట్టాలి. లేదంటే బిడ్డకు మోతాదు తగ్గుతుంది.

పెద్దల మాత్రను విరిచి ఇస్తే కొలత కచ్చితంగా రాదు, సిరప్ సీసాలు బరువు. అందుకే పిల్లలకు ఈ రకం మాత్ర అనువు. మన దగ్గర విరేచనాలైన పిల్లలకు ఓఆర్‌ఎస్‌తో పాటు ఇచ్చే జింక్ మాత్రలు ఈ రకమే. ఆరు నెలలు దాటితే రోజుకు 20 మిల్లీగ్రాములు, 14 రోజులు. విరేచనాలు ఆగినా మధ్యలో మానకూడదు.