వేడి చాయ్ మీద పడితే తప్పు ఎవరిది?

ఈరోజు టాపిక్ చాయ్. రివ్యూ కాదు, అది మన మీద పడితే ఏంటి సంగతి అని.

నా రూమ్మేట్ అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్నాడు. ఒకరోజు సాయంత్రం చిక్కడపల్లిలో ఒక హోటల్లో కూర్చున్నాం. సర్వర్ ట్రే తెస్తూ జారాడు. రెండు కప్పుల చాయ్ మావాడి కుడి చేతి మీద పడింది. పదకొండు రోజుల్లో ఎగ్జామ్, రాసే చెయ్యి! ఓనర్ ఏమన్నాడో తెలుసా? "తమ్మీ, చాయ్ అంటే వేడిగనే ఉంటది కదా!"

నిజమే కదా అని నేనూ ఊరుకున్నా. తర్వాత చదివితే తెలిసింది, ఆ మాట సగమే కరెక్ట్ అని.

అమెరికాలో మెక్‌డొనాల్డ్స్ కాఫీ కేసు వినే ఉంటారు. "కాఫీ ఒలకబోసుకుని కోట్లు కొట్టేసింది" అని మీమ్స్ వేస్తారు. అసలు జరిగింది వేరు. 1992లో 79 ఏళ్ల పెద్దావిడ, ఆగి ఉన్న కారులో కప్పు మూత తీస్తుంటే కాఫీ ఒలికింది. చర్మం లోతుగా కాలి, స్కిన్ గ్రాఫ్టింగ్ చేయాల్సి వచ్చింది. కాఫీ వేడి 82 నుంచి 88 డిగ్రీలు. అంతకుముందు పదేళ్లలో కంపెనీకి 700కు పైగా ఇలాంటి కంప్లైంట్లు వచ్చాయి. ఆవిడ మొదట అడిగింది 20,000 డాలర్లు. వాళ్లు ఇస్తామన్నది 800. 1994లో జ్యూరీ ఆవిడ తప్పు 20 శాతం, కంపెనీది 80 శాతం అని తేల్చింది. చివరికి బయట రాజీ అయ్యారు.

అంటే ప్రశ్న "వేడిగా ఉందా?" అని కాదు, "జాగ్రత్త తీసుకున్నారా?" అని.

మన దగ్గర 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఉంది. అందరికీ తెలిసిన ప్రమాదం గురించి హెచ్చరించలేదని కేసు వేస్తే నిలబడదు. కప్పు మీరే తన్నేసుకుంటే అది మీ ఖాతాలోనే. కానీ సర్వర్ ఒలకబోస్తే, పార్సిల్ కప్పు మూత సరిగ్గా పెట్టకపోతే, అది సేవాలోపం. పనివాడు చేసిన తప్పుకి ఓనర్ కూడా బాధ్యుడే. "బిల్లు ఫ్రెండ్ కట్టాడు" అన్నా పర్వాలేదు, తాగిన మీరూ వినియోగదారులే.

సాఫ్ట్‌వేర్‌లో బగ్ రిపోర్ట్‌కి లాగ్స్ ఎలాగో, ఇక్కడ ప్రూఫ్ అలాగ. ముందు మాత్రం కాలిన చోట 20 నిమిషాలు కుళాయి నీళ్లు పోయండి. ఐస్, టూత్‌పేస్ట్, పసుపు వద్దు. తర్వాత గాయం ఫోటో, యూపీఐ స్క్రీన్‌షాట్, డాక్టర్ చీటీ, చూసినవాళ్ల నంబర్ దాచుకోండి. ఓనర్‌కి రాతపూర్వకంగా చెప్పండి. వినకపోతే 1915కి కాల్ చేయండి. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. లాయర్ తప్పనిసరి కాదు, ఆన్‌లైన్‌లో కూడా వేయొచ్చు, గడువు రెండేళ్లు. చిన్న బిల్లుకి ఫీజు కూడా ఉండదు.

ఇంకో మాట. నారాయణగూడలో బండి మీద చాయ్ అమ్ముకునే అన్నని కోర్టుకి లాగమని కాదు నేను చెప్పేది. మందుల ఖర్చు అడగడం తప్పు కాదు అంటున్నా, అంతే.

మావాడు చేతికి కట్టుతోనే ఎగ్జామ్ రాశాడు. రెండేళ్లు ఇంకా కాలేదు. కానీ మా దగ్గర మిగిలింది నా యూపీఐ స్క్రీన్‌షాట్ ఒక్కటే. డాక్టర్ చీటీ వాడు పారేశాడు.

మీరు పారేయకండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, బై!