కాలవ కట్టేస్తే కలంకారీ ఆగుతుంది

ఎండాకాలం కాలవలు కట్టేశారంటే గుడివాడ, దివిసీమ రైతుల అవస్థ మనకి తెలిసిందే. అదే రోజు బందరు పక్కన పెడనలో గుడ్డ జాడించేవాడి పని కూడా ఆగుతుంది. ఈ సంగతి రైతాంగంలో చాలామంది పట్టించుకున్నది లేదు.

కలంకారీ అనగానే అచ్చుల పనితనమే చెప్పుకుంటాం. గుడ్డ మన్నిక తేలేది మాత్రం నీళ్ళలో. మగ్గం దిగిన ముతక గుడ్డలో గంజి, పత్తికి సహజంగా ఉండే మైనం ఉంటాయి. నీళ్ళు పోస్తే జారిపోతాయి. పేడనీళ్ళలో నానబెట్టి, ఉతికి, ఎండేస్తే ఆ జిడ్డు వదులుతుంది. పోగు కాస్త కుంచించుకుని నేత దగ్గరపడుతుంది, తడి పీల్చుకుంటుంది. తొందరకొద్దీ బ్లీచింగ్ పౌడరు ఎక్కువేస్తే? తెలుపు వెంటనే వస్తుంది, పోగు బలం పోతుంది.

తర్వాత కరక్కాయ, గేదెపాలు. గొర్రె ఉన్ని అయితే పటికను తానే పట్టుకుంటుంది. పత్తినూలు అంత తేలిగ్గా పట్టదు, కరక్కాయ వగరు సాయం కావాలి. పాలలోని కొవ్వు రంగును పక్కకి పాకనివ్వదు. (రైతు ఇంటి పాడి బందరు అద్దకంలో ఉందన్నమాట!) నల్లగీతకి తుప్పు ఇనుమూ బెల్లమూ ఊరబెట్టిన నీళ్ళు. అది ఘాటెక్కితే ఏళ్ళ తరబడి పోగును తినేస్తుంది. పాత దుప్పట్లలో ముందు చిరిగేది చాలాసార్లు నల్లగీత దగ్గరే.

ఎరుపు కోసం పటిక అద్దిన గుడ్డను పారే నీటిలో జాడించాలి. నిలవ నీళ్ళయితే వదిలిన పటిక మళ్ళీ గుడ్డమీదే కూచుంటుంది, ఉడకేసినప్పుడు తెల్లటి చోట మచ్చలు తేలతాయి. బోరు వేసుకోండని చెప్పడం తేలికే. ఈ తీరంలో చాలాచోట్ల బోరునీళ్ళు ఉప్పన. నీళ్ళలో ఇనుము ఉంటే ఎరుపు మసకబారుతుంది.

ఇలాంటి అద్దకాన్ని చూసే ఒకప్పుడు ఇంగ్లండు బెదిరింది. తమ ఉన్ని, పట్టు మగ్గాలను కాపాడుకోవడానికి 1721లో అచ్చువేసిన నూలుగుడ్డ కట్టడాన్నే నిషేధిస్తూ చట్టం చేసింది.

ఇప్పుడు పోటీ ఇంట్లోనే ఉంది. స్క్రీన్ ప్రింటు గుడ్డ కూడా కలంకారీ పేరుతోనే చవగ్గా అమ్ముడవుతోంది. ఆ ధరతో సరిపెట్టుకోవలసిన అద్దకం కార్మికునికి కాలవ కట్టేసిన రోజుల కూలి ఎవరిస్తారు? నీటిపారుదల సలహా మండలి శివారు రైతుతోపాటు వీళ్ళ మాటా వినాలని మేము అడుగుతున్నాం. కట్టేసే తేదీ ముందుగా పెడనలో దండోరా వేయించినా, పటిక అద్దిన గుడ్డ జాడింపు లేక పాడవకుండా ఉంటుంది.