పాత బండికి రంగు కన్నా ముందు వైర్లు

పత్తి, కూరగాయలు తోలుకోవడానికి ఇద్దరు ముగ్గురు కలిసి పాత టాటా 407 (ఈ బండి 1986లో వచ్చింది) కొని బాగు చేయించుకునే జోగిపేట రైతులు ఇంజనుకు, టైర్లకు, రంగుకు ఖర్చు పెడతారు. వైర్ల జోలికి పోరు. పత్తి లోడు మీద చిన్న నిప్పురవ్వ పడితే బండీ దక్కదు, ఏడాది కష్టమూ దక్కదు.

చాలాకాలం నిలిపి ఉంచిన బండిలో ఎలుకలు వైర్ల తొడుగు కొరుకుతాయి. లోపలి రాగి తీగ ఛాసిస్‌కు తగిలితే షార్టు అవుతుంది. అప్పుడు ఫ్యూజు పోవాలి, అది ఉన్నదే అందుకు. మాటిమాటికి పోతోందని దాని చోట రాగి తీగ చుట్టిస్తారు చూడండి, ఆ పని మాత్రం చేయొద్దు. ఫ్యూజుకు బదులు వైరే కాలుతుంది.

పెద్ద బల్బులు వేయించడమూ అంతే. 12 వోల్టుల బండికి 55 వాట్ల బల్బులు రెండుంటే సుమారు 9 ఆంపియర్ల కరెంటు పారుతుంది. 100 వాట్లవైతే 17 దాకా పోతుంది. పాత వైరు తట్టుకోలేదు.

రంగు వేయించాక లైట్లు మసకబారితే కొత్త బ్యాటరీకి పరుగెత్తకండి. ఎర్తు వైరు బోల్టు కింద రంగో తుప్పో ఉంటుంది. గరుకు కాగితంతో ఇనుము మెరిసేదాకా రుద్ది బిగిస్తే చాలాసార్లు సరిపోతుంది.

ఏ పనికైనా బ్యాటరీ మైనస్ వైరు ముందు విప్పాలి, బిగించేటప్పుడు చివర బిగించాలి. ప్లస్ ముందు విప్పితే పానా బాడీకి తగిలి రవ్వలు లేస్తాయి. చార్జి అయ్యే బ్యాటరీ నుంచి మండే వాయువు వస్తుంది, పేలవచ్చు. బీడీ ముట్టించేవాళ్లు కాస్త అవతలకు పోవాలి.